తీజ్ నీళ్లు

జమ్లీకి మట్టి తొక్కడం వాళ్ల నాయన నేర్పాడు. చివ్వెంల పక్కన తండాలో ఉంటూ ఆయన చుట్టుపక్కల కుంటల కట్టపనికి పోయేవాడు. నల్లమట్టిని తడిపి, తరిగిన వరిగడ్డి కలిపి, ఒక పూట నాననిచ్చి, ఆ తర్వాత మడమలతో తొక్కాలి. తొక్కిన చోటే మళ్లీ తొక్కాలి. "నువ్వు కాలు లేపుతుంటే మట్టి పట్టుకోవాలె. నీ కాలును వదలని మట్టి నీళ్లను గూడ వదలది" అనేవాడు. పెళ్లై కోదాడ అవతలి తండాకు వచ్చాక ఆ పని జమ్లీకి రెండేసార్లు అక్కరకొచ్చింది. మొదటిసారి దానివల్ల ఆమె సంసారం నిలబడింది. రెండోసారి దానివల్లే ఉన్న ఒక్క ఆశ పోయింది.

మొగుడు బీక్యాకు కుంట కింద రెండెకరాల చెలక భూమి. పెళ్లైన మరుసటి ఏడు వానలకు కుంట కట్ట తెగింది. మగవాళ్లు మట్టి తెచ్చి పోశారు. కొత్త కోడలు జమ్లీ ఆడవాళ్లను వరుసగా నిలబెట్టి దాన్ని తొక్కించింది. "బీక్యా పెండ్లాన్ని తెచ్చిండనుకున్నం, మేస్త్రీని తెచ్చిండు" అని అత్తలు నవ్వారు. ఆ ఏడాది నీళ్లు ఎండాకాలం దాకా ఉన్నాయి. ఆ ధైర్యంతోనే మొగుడూ పెళ్లాలు తమ చెలకలో బావి తవ్వుకున్నారు. కూతురు పూజ కడుపులో ఉండగా కూడా జమ్లీ తట్ట మోసింది. ఊట పడినరోజు బీక్యా పైకి రాలేదు. మోకాలిలోతు నీళ్లలో అలాగే కూర్చుండిపోయాడు. పిలిస్తే "జర సేపు ఉండనీయి" అన్నాడు.

గుట్ట అవతల సిమెంటు కంపెనీ ఎప్పటినుంచో ఉంది. ఆరేళ్ల కింద దాని గని తండా వైపు జరిగింది. గని లోతైన కొద్దీ అడుగున నీళ్లూరుతాయి. వాటిని ఎడతెరిపి లేకుండా తోడి పోస్తే తప్ప రాయి తీయలేరు. అట్లా తోడుతుంటే ముందు తండా బోర్లు పోయాయి, తర్వాత బావులు, చివరికి కుంట. ఎంత వాన పడ్డా కుంటలో పొద్దటికి బురద, రెండు ఎండలకు నెర్రెలు. తమ బావి అడుగున రాయి కనబడిన ఏడు బీక్యా మిర్యాలగూడ రైసుమిల్లుకు హమాలీగా పోయాడు. మిల్లు వెనక షెడ్డులో పడక. పండుగలకూ చావులకూ తండాకు వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారి ఊక దుమ్ముతో దగ్గు కొంచెం ఎక్కువై ఉండేది.

కంపెనీ ఏమీ చేయలేదని అనడానికి లేదు. తోడిన నీళ్లను కుంటకు పంపిస్తామని పైపు వేశారు. మొదలుపెట్టిన రోజు షామియానా కట్టి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లు వదిలి ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత, గనిలో దుమ్ము లేవకుండా బాటలు తడపడానికే ఆ నీళ్లు చాలడం లేదన్నారు. పైపు మాత్రం మిగిలింది. అందులో ఉడుతలు కాపురం పెట్టాయి. జమ్లీ కోదాడ ఆఫీసులకు తిరిగింది, సోమవారాలు బస్సెక్కి సూర్యాపేట కలెక్టరేటులో వరుసలో నిలబడింది. చూస్తామన్నవాళ్లే గాని చూడటానికి వచ్చినవాళ్లు లేరు.

అందుకే ఆ ఏడు శ్రావణం ముందర మరిది రవీందర్ తెచ్చిన కబురు ఆమెకు అంత పెద్దదిగా తోచింది. రవీందర్ డిగ్రీ చదివాడు. కంపెనీలో ఊళ్ల పనులు చూసే విభాగంలో కాంట్రాక్టు నౌకరి. బండి స్టాండు వేస్తూనే చెప్పాడు.

"వదినా, ఇగ నీ తిరుగుడు బంద్. వాళ్లే నీ దగ్గరికి వస్తున్నరు."

"ఎవలు?"

"హైదరాబాద్ నుంచి. అష్యూరెన్స్ అంటరు." జమ్లీ ముఖం చూసి వివరంగా చెప్పసాగాడు. "షేర్ మార్కెట్ల ఉన్న పెద్ద కంపెనీలు ఏటేటా ఒక రిపోర్టు ఇయ్యాలె. ఎన్ని నీళ్లు తోడినం, ఎంత పొగ వదిలినం, కూలోళ్లను ఎట్ల సూసుకుంటున్నం, పక్క ఊళ్లకు ఏం చేసినం, అన్నీ. ఇన్నేండ్లు వాళ్లు రాసిందే రాత. ఇప్పుడు రూల్ మారింది. రాసింది నిజమా కాదా అని బయటోళ్లు వచ్చి సూసి సంతకం పెట్టాలె."

"మన గురించి ఏం రాసిన్రు?"

రవీందర్ కొంచెం నసిగాడు. "గని నీళ్లతోని తండాల కుంటలు నింపుతున్నం అని."

"ఉడుతలను గూడ రాసిన్రా?"

"నవ్వుడు కాదు వదినా. ఆ మేడం వచ్చి ఎండిన కుంట సూస్తే అట్లనే రాస్తది. అప్పుడు కంపెనీ ఏం చేయాలె? అబద్ధం రాసినం అని ఒప్పుకోవాలె, లేకుంటే పైపుల నీళ్లు వదలాలె. పైపు ఎట్లాగూ ఉన్నది. వదులుడే వాళ్లకు సులువు."

"నువ్వు చెప్పినవని తెలిస్తే నీ నౌకరి ఉంటదా?"

"నేనేం చెప్పిన? కుంటనే చెప్తది."

కుంటలో నీళ్లు నిలిస్తే కింద బావికి ఊట వస్తుంది. బావికి ఊట వస్తే రెండెకరాలు తడుస్తాయి. చెలక తడిస్తే బీక్యా ఇంటికి వస్తాడు. ఇది జమ్లీకి ఎవరూ చెప్పనక్కర లేదు. ఆ సాయంత్రమే బీక్యాకు ఫోను చేసింది.

"తీజ్‌కు వచ్చేటప్పుడు నీ బట్టలన్నీ తెచ్చుకో."

"అన్నీ ఎందుకే?"

"తెచ్చుకో అన్న గదా."

జమ్లీ సంగతంతా చెప్పింది. బీక్యా పండుగకు వచ్చేటప్పుడు బట్టలు తెచ్చుకున్నాడు. మళ్లీ రానని మిల్లు మేస్త్రీతో చెప్పి మరీ వచ్చాడు.

తండాలో తీజ్ అంటే ఆడపిల్లల పండుగ. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మట్టి నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ వాటికి నీళ్లు పోస్తారు. చివరి రోజు ఆ మొలకలను అన్నదమ్ముల తలపాగాల్లో తురిమి, మిగిలినవి నీళ్లలో కలుపుతారు. ఆ ఏడు చివరి రోజు ఆదివారం పడింది. మేడం వచ్చేది సోమవారం.

కుంట ఎండినప్పటి నుంచి మొలకలను ఆటోలో సాగర్ కాలువ దాకా తీసుకుపోతున్నారు. వేసీ వేయకముందే కాలువ వాటిని కొట్టుకుపోయేది. పిల్లలకు ఏడవడానికి కూడా సమయం ఉండేది కాదు. తండా పెద్ద అయిన నాయక్ తల్లి సక్కుబాయికి ఆ పద్ధతి మొదటి నుంచీ నచ్చలేదు. "తీజ్ మన నీళ్లల్ల మునగాలె, మన కండ్ల ముందట ఉండాలె. పారే నీళ్లల్ల పారేసి వస్తే అది పండుగెట్లయితది?" అని ప్రతి ఏడూ సణిగేది.

పూజకు ఇదే ఆఖరి తీజ్. మాఘంలో పెళ్లి. "యాడీ, ఈసారన్న మన కుంటల కలుపుదమే" అంది తల్లి జుట్టు దువ్వుతూ. అడగడం కూడా పెద్దగా అడగలేదు. జమ్లీకి కాదనబుద్ధి కాలేదు.

ఒక్క ట్యాంకరు నీళ్లు దొరుకుతాయా అని రవీందర్‌ను అడిగింది. రవీందర్ వాళ్ల ఆఫీసరు ప్రభాకర్‌ను అడిగాడు. ప్రభాకర్ కోదాడ మనిషి, భూములున్న ఇంటివాడు, మెత్తగా మాట్లాడతాడు. "ఆడపిల్లల పండగంటే కాదంటామా? ఒకటేం ఖర్మ, రెండు పంపిద్దాం" అన్నాడట.

ఈ మాట విని బీక్యా ఒక్కడే అనుమానపడ్డాడు. "సోమవారం మేడం వస్తదంటివి. ఆదివారం నీళ్లు పోస్తనంటివి."

"ఆ కుంటల పోసిన నీళ్లు ఎన్నడన్న తెల్లారిందాక ఉన్నాయా? పొద్దుగాల వచ్చి ఉత్త బురద సూస్తది. ఇంకా మంచిదే."

"ఏమో మరి" అని బీక్యా బీడీ ముట్టించబోయి, దగ్గొచ్చి, దాన్ని చెవి మీద పెట్టుకున్నాడు.

పొద్దున పోసిన నీళ్లు కనీసం సాయంత్రం కలిపే వేళదాకా నిలవాలి కదా. కుంట నడుమ లోతుగా ఉన్న చోట ఆడవాళ్లు ఒక మడుగు లాగా తవ్వారు. జమ్లీ నల్లమట్టి తెప్పించి, గడ్డి కలిపి నానబెట్టింది. శనివారం పొద్దున అందరూ చీరలు ఎగదోపి దిగారు. మొదట్లో నవ్వులాటగానే మొదలైంది. "మేస్త్రీ వచ్చె, సూసి తొక్కున్రి" అని ఒకామె, "పూజ అత్తగారింట్ల గిట్లనే తొక్కిపిస్తరు, నేర్చుకో" అని ఇంకొకామె. కాసేపటికి నవ్వులు తగ్గాయి, కాళ్లు ఒక లయలో పడ్డాయి. మధ్యాహ్నానికి "ఇగ చాలదా వదినా" అని చాలామంది గట్టెక్కారు. సాయంత్రం దాకా నిలవడానికి నిజంగానే అది చాలు. జమ్లీ మాత్రం అంచులు సరిగా రాలేదని మళ్లీ మళ్లీ తొక్కింది. పూజ కూడా తల్లి వెంట తిరిగింది. పనిలోకి దిగాక సగంలో ఆపడం జమ్లీ కాళ్లకు తెలియదు. కాలు లేపుతుంటే మట్టి పట్టుకుంది. అప్పుడుగాని పైకి రాలేదు.

ఆదివారం కంపెనీ ట్యాంకరు రెండుసార్లు వచ్చింది. మడుగు నిండి చుట్టూ నేల మీదికి కూడా పాకింది. పిల్లలు కొత్త బట్టల్లో బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. నాయక్ ఇంటి ముందు ఎన్ని ఆటలాడాలో అన్నీ ఆడి, మగపిల్లలు ఏడిపిస్తే తిట్టి, చివరికి నీళ్లలో దిగారు. మొలకలు పచ్చగా నీళ్ల మీద పరుచుకున్నాయి, ఎక్కడికీ పోలేదు. పూజ చాలాసేపు ఏడ్చింది. గట్టున కూర్చున్న సక్కుబాయి "ఇది తీజ్" అని పదేపదే అంది. బీక్యా తలపాగాలో మొలకలు తురుముకుని నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. బావిలో ఊట పడినరోజు ముఖం మళ్లీ కనబడింది జమ్లీకి.

సోమవారం పొద్దున లేచి కుంటకు పోయేసరికి నీళ్లు అలాగే ఉన్నాయి.

చుట్టూ పాకినవి ఇంకిపోయాయి. మడుగులోవి మాత్రం వేలెడు కూడా తగ్గలేదు. కొంగ ఒకటి అంచున నిలబడి ఉంది. జమ్లీ ఇంటికి పోయి పార తెచ్చింది. అంచు నుంచి అడుగుదాకా తొక్కిన మట్టిని పొడిస్తే మేడం వచ్చేసరికి అంతా ఇంకిపోతుంది. రెండు మూడు పోట్లు చాలు.

పార ఎత్తి నిలబడింది. అంచు దగ్గరే మొలకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిలో ఒక గుత్తికి పూజ కట్టిన ఎర్ర దారం.

"ఏం చేస్తున్నవే?" వెనక సక్కుబాయి. పొద్దున్నే మొలకలను చూసుకోవడానికి వచ్చినట్టుంది.

"పెద్దమ్మా, మేడం వస్తది. నీళ్లు సూస్తే మన పని ఖరాబైతది."

"తీజ్ మునిగిన నీళ్లల్ల పార దించుతవా? నీ బిడ్డ పెండ్లి పెట్టుకొని?" ముసలామె కోపంగా కూడా అనలేదు. "నోరుంది గదా నీకు. చెప్పు ఆమెకు. ఆడామెనే కదా."

జమ్లీ పార భుజాన వేసుకుని వెనక్కి వచ్చింది. నిజమే, నోరుంది. ఇన్నేళ్లూ వినడానికి మనిషి లేకపోయె గాని ఈరోజు ఒక మనిషి వస్తున్నది. చెప్తే సరిపోతుంది అనుకుంది.

కారు మధ్యాహ్నానికి ముందే వచ్చింది. ప్రభాకర్ దిగుతూనే "ఏం జమ్లీ, పండగ బాగయిందా? నీళ్లు సరిపోయినయ్యా?" అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. వెనక రవీందర్ దిగి, వదిన వైపు చూడకుండా డోరు పట్టుకుని నిలబడ్డాడు.

మేడం పేరు అక్షిత. చిన్న వయసు. బూట్లకు బురద అంటుతున్నా పట్టించుకోకుండా కుంటలోకి దిగి, ఫోనుతో ఫొటోలు తీసింది. తేదీ, చోటు ఫొటో మీద వాటంతట అవే పడ్డాయి. మొలకల గురించి పూజను అడిగి, "చాలా బాగుంది" అని వాటినీ తీసింది. మట్టి అంచును బూటు కొనతో నొక్కి చూసింది.

"ఈ లైనింగ్ ఎవరు చేశారు? గట్టిగా ఉంది."

"తండా వాళ్లే మేడం. కమ్యూనిటీ పార్టిసిపేషన్" అన్నాడు ప్రభాకర్. ఆ మాట ఆయన మామూలుగా రిపోర్టుల్లో రాసేదే. అక్షిత రాసుకుంది.

జమ్లీ ముందుకు వచ్చింది. "మేడం, ఇవి కుంట నీళ్లు కావు. నిన్న పండుగకని ట్యాంకర్‌తోని పోయించుకున్నం. ఆరేండ్ల సంది ఈ కుంట ఎండినట్టే ఉన్నది. ఆ పైపుల నుంచి సుక్క రాలే. కావాలంటే పోయి సూడున్రి."

అక్షిత శ్రద్ధగానే విన్నది. "ట్యాంకర్ ఎవరిదమ్మా?"

జవాబు నోటిదాకా వచ్చాక గాని ఆ ప్రశ్న ఎటు తీసుకుపోతుందో జమ్లీకి అర్థం కాలేదు. రవీందర్ వైపు చూసింది. అతను కారు టైరు చూస్తున్నాడు.

"కంపెనీది."

"నీళ్లెక్కడివి సార్?"

"గనివే మేడం. తోడిన నీళ్లే. ట్రిప్ షీట్లు ఉన్నాయి, పంపిస్తాను."

"ఒక్కసారే మేడం" అంది జమ్లీ. గొంతు పెంచలేదు. "మేం అడుక్కుంటే ఇచ్చిన్రు. పండుగకు."

"అది కూడా రాసుకుంటానమ్మా." నిజంగానే రాసుకుంది. దూరంగా నిలబడ్డ పిల్లలను పిలిచి, ప్రభాకర్‌ను కొంచెం ఆగమని, నీళ్లు ఎవరు తెచ్చారని విడిగా అడిగింది. కంపెనీ ట్యాంకరని పిల్లలందరూ ఒకే మాట చెప్పారు. రెండుసార్లు వచ్చిందని కూడా చెప్పారు. పిల్లలు అబద్ధం చెప్పలేదు.

"మా బావి సూడున్రి మేడం" అని జమ్లీ అడిగితే, అక్షిత ఎండలో చెలక దాకా నడిచింది. గట్టు పట్టుకుని లోపలికి వంగి చూసింది. అడుగున రాయి, దాని మీద ఎవరిదో తెగిన చెప్పు. చాలాసేపు చూసి లేచింది.

"ఈ బావి సంగతి రిపోర్టులో లేదమ్మా" అంది మెల్లగా. "కంపెనీ చెప్పిన మాట నిజమా కాదా అని చూడటమే నా పని. గని నీళ్లు కుంటలో పోశామన్నారు, పోశారు. వాళ్లు చెప్పనిదాని మీద నేనేమీ చెప్పలేను."

"చెప్పనిది ఎవలు సూస్తరు మేడం?"

అక్షిత దూరంగా కారు వైపు చూసింది. "దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. కలెక్టర్ ఆఫీసులో."

జమ్లీ తల ఊపింది.

కారు పోయాక రవీందర్ వదిన ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ట్యాంకర్ అడిగినప్పుడు నాకు తోచలే వదినా. సార్‌కు గూడ తోచి ఉండదు. తోచి ఇచ్చిండని నేననుకోను."

"అడిగింది నేనే కదా" అంది జమ్లీ.

గుమ్మంలో కూర్చున్న బీక్యా "ఏమన్నది?" అని అడిగాడు.

"రాసుకున్నది."

బీక్యా తలపాగాలోంచి వాడిన మొలకలు తీసి దూలం సందులో జాగ్రత్తగా పెట్టాడు.

మడుగులో నీళ్లు చాలా రోజులు ఉన్నాయి. పశువులు తాగాయి, పిల్లలు ఈదారు. ఇంత గట్టిగా తొక్కిన మట్టి తండాలో ఎవరూ చూడలేదని మెచ్చుకున్నారు. ఆ మట్టి కిందకు ఒక్క బొట్టు కూడా దిగనివ్వలేదు. బావిలో రాయి తడవను కూడా లేదు. చివరికి ఎండకే నీళ్లు తగ్గి తగ్గి, ఒకరోజు మడుగు అడుగు కనబడింది. మట్టి ఆరాక దాని మీద మడమల గుర్తులు బయటపడ్డాయి. అంచుల వెంట లోతుగా దిగినవన్నీ రెండు జతలే, ఒకటి జమ్లీవి, ఒకటి కొంచెం చిన్నవి.

రిపోర్టు సంగతి రవీందర్ తర్వాత చెప్పాడు. తండాలన్నీ చూడరట. మచ్చుకు ఒకటీ రెండూ చూసి, అవి సరిపోతే మిగతావి కూడా సరేననుకుంటారట. జమ్లీ చెప్పిన మాట లోపల ఎక్కడో కాగితాల్లో ఉందో లేదో అతనికి తెలియదు. అచ్చయిన దాంట్లో మాత్రం లేదు. గోధుమ మొలకల ఫొటో ఉంది.

బీక్యా మిల్లుకు ఫోను చేశాడు. అతని చోట వేరే మనిషిని పెట్టుకున్నారు. ఊక ఎత్తే దగ్గర పని ఉంది, ఇద్దరొస్తే షెడ్డులో విడిగా గది ఇస్తాను అన్నాడు మేస్త్రీ. బీక్యా దగ్గుతూనే సరేనన్నాడు. పూజను పెళ్లి దాకా సక్కుబాయి దగ్గర ఉంచి, ఇంటికి తాళం వేశారు.

కోదాడ బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం చూస్తుండగా పై తండా రోజా కనబడింది. వాళ్ల కుంట కూడా ఎండి చాలా కాలమే అయింది. చంకలో సంచీ, వెంట ఇద్దరు పిల్లలు.

"మీ కుంట నిండిందట గదా అక్కా. మీది సూసి మాది గూడ నిండిందని రాసుకున్నరంట. మా ఆయన మొన్న నీళ్ల సంగతి అడగపోతే, నింపినం గదా అని పంపిచ్చిన్రు."

జమ్లీ మూట ముడి మళ్లీ బిగించింది.

రోజా వాళ్ల పక్కనున్న ట్రంకుపెట్టె, చాప, గిన్నెల మూట చూసింది. "నీళ్లున్న తండా ఇడిసిపెట్టి యాడికి పోతున్నరు మరి?"

బీక్యా దగ్గుతూ లేచాడు. బస్సు వచ్చి ఆగింది. "మిర్యాలగూడకు" అని చెప్పి, జమ్లీ గిన్నెల మూట నెత్తికెత్తుకుంది.